బాపుకు కలిపి చదివిన ఆఖరి పేజీ

మా చిన్నప్పుడు... ఎండ నెత్తి మీదికి రాంగనే గొర్లన్ని చింతచెట్ల నీడకు చేరేవి. బాపు కదురు పట్టి ఉన్ని వడికేటోడు. నేను పక్కన కూసొని బుక్కు చదివి వినిపించేటోన్ని...

మాది చిట్యాల దగ్గర పల్లె. సాగర్ డ్యాం కడుతున్న రోజులు. మా అన్న ఆడ రాళ్లు మోసే పనికి పోయిండు. ఎవరితోనన్న ఉత్తరం రాయించి పంపేటోడు. ఇంట్ల అక్షరం ముక్క వచ్చినోన్ని నేనొక్కన్నే.

"మావోడు చదివితే కాయితమే మాట్లాడినట్టుంటది" అని బాపు ఒకసారి మా పెద్దనాయినతోని అన్నడు. నా ఎదురుంగ ఎప్పుడూ అనలే...

బడిల సారు ఒక నవల ఇచ్చిండు. అట్ట చినిగి పేరు గూడ లేదు. దాంట్ల ఒకాయన ఉంటడు. భార్యకు జబ్బు. కషాయం కాస్తడు, కాళ్లు ఒత్తుతడు... కానీ నోట్లకెళ్లి ఒక్క మంచి మాట రాదు. "నేనంటే నీకు పావురమేనా, ఇష్టమేనా" అని ఆమె అడిగితే, బిందె తీస్కొని నీళ్లకు పోతడు.

నాకు ఆయన మస్తు నచ్చిండు. నేను గూడ ఎవరన్న ఏమన్న అడిగితే నేలచూపులు చూసేటోన్ని. ఆఖర్కన్న ఆమెకు ఆ మాట చెప్తడని పది దినాలు ఎదురుచూసిన.

ఆఖరి పేజీ ముందుగాల నేనొక్కన్నే చదువుకున్న. చెప్పలే... ఆమె పోయింది. ఆయన మల్ల బిందె తీస్కొని నీళ్లకే పోయిండు.

బుక్కు నేలకేసి కొట్టిన. నన్ను నమ్మించి గొంతు కోసినట్టనిపించింది.

బాపుకు అట్ల చదివి వినిపియ్యబుద్ధి కాలే నాకు. ఆయన బిందె కింద పెట్టి, ఆమె చెయ్యి పట్టుకొని, "నువ్వు లేకుంటే నేను బతుకలేను" అన్నట్టు చదివిన.

బాపు కదురు ఆపిండు.

"మల్లొకపారి సదువు బిడ్డా."

చదివిన. ఈసారి నా నోట్ల "నువ్వే నా పానం" అని వచ్చింది.

"ఇందాక గట్ల లేకుండె" అన్నడు బాపు. "కాయితం మీద ఏమున్నదిరా?"

ఉన్నదున్నట్టు చెప్పిన.

"గాయిన గంతే ఉంటడు. గసొంటోని నోట్ల నువ్వెందుకు మాట పెట్టినవ్? సదువు రానోన్నని ఏదంటే అది చెప్తవా?"

కదురు పక్కన పెట్టి, మెల్లగ అడిగిండు.

"అన్న ఉత్తరాలల్ల గూడ గిట్లనే కలిపినవా?"

"లేదు బాపు."

అన్న ప్రతి ఉత్తరం ఆఖర్ల ఒకటే మాట రాయించేటోడు... 'బాపూ, నువ్వు యాదికొస్తున్నవ్.' ఇంట్ల ఉన్నన్నాళ్లు బాపు ఎదురుంగ నిలబడి మాట్లాడనోడు. ఆ ఒక్క మాట కోసమే బాపు ఉత్తరం మల్లమల్ల చదివించుకునేటోడని నాకు ఎరుకే.

తెల్లారి బాపు ఇంట్ల దాసిన మూడు ఉత్తరాలు తీసి, టపా తెచ్చేటాయనకు ఇచ్చిండు. ఆయనకు తొందర. సైకిలు దిగకుండనే చదివిండు... నేను బాగున్న, పని నడుస్తున్నది, వానలకు వస్త... ఆఖరి వరుస కాడికి వచ్చి, "ఇగ మిగిలిందంత మామూలే" అని మడిచి ఇచ్చిండు. మూడూ అట్లనే.

"ఆ వరుస గూడ చదువున్రి" అనాలె నేను. పక్కనే నిలబడి నేలచూపులు చూసిన.

బాపు ఉత్తరాలు తీస్కొని లోపలికి పోయిండు. తిట్టినా బాగుండు. అటెన్క ఉత్తరమొస్తే నా చేతికి ఇయ్యలే.

వానలకు అన్న వచ్చిండు. ముగ్గురం ఒక్కకాడ కూసొని తిన్నం. ఎవ్వరం ఆ ఉత్తరాల ముచ్చట తియ్యలే...

బాపు పోయేదాక అన్న రాయించిన ఆ మాట నేను కల్పించిందే అనుకున్నడు. ఆ నవల రాసినాయన మీద కోపం నాకు ఇప్పటికి చల్లారలే... నా మీద గూడ.

ఇప్పుడు ఎవరి ఫోను వాళ్లే చదువుకుంటున్నరు. నడుమ ఇంకొకరి నోరు అక్కర్లేదు... మంచిదే. మీరు గూడ ఎప్పుడన్న చదువు రాని పెద్దోళ్లకు ఉత్తరం చదివి వినిపించిన్రా... ఉన్నదున్నట్టే చదివిన్రా... జర చెప్పున్రి.