మా బావ స్క్రూడ్రైవరు

మా బావ సైన్యంలో ఉన్న రోజుల్లో నేలకు చెవి ఆనించి, కొండ అవతల శత్రువుల లారీలో ఏ నట్టు వదులయిందో చెప్పేసేవాడు. దాన్ని నడిపేవాడికి జలుబు చేసిందని కూడా చెప్పేవాడు. కాన్వెంటులో సిస్టర్లు అబద్ధానికి మోకాళ్ళ మీద నిలబెట్టేవారు కాబట్టి ఇప్పుడే ఒప్పేసుకుంటాను: జలుబు సంగతి నేను కలిపింది. అది కొండ కూడా కాదు, ఓ మోస్తరు గుట్ట. లారీ మన సైన్యానిదేనేమో. ఆ చెవి మాత్రం నిజం.

సైన్యంలో ఇంజన్లు బాగుచేసి వచ్చి, బజారు మూల మోటార్ల రిపేరు కొట్టు పెట్టాడు. కొట్టు వెనక గదుల్లోనే కాపురం. ఏ మోటారు వచ్చినా ముందు విప్పేవాడు కాదు. పొడవాటి స్క్రూడ్రైవరు మొన దానికి ఆనించి, చెక్క పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "బేరింగు పోయింది" అనేవాడు. విప్పి చూస్తే పోయే ఉండేది.

కానీ పక్కన పేలిన ఫిరంగులు ఎప్పుడో ఆ చెవుల్ని కొరికి వదిలాయి. ఏళ్ళు గడిచేకొద్దీ మిగిలిందీ పోయింది. ఆయన ఒప్పుకోడుగా! పిడి మెల్లగా చెవి దగ్గర్నుంచి పళ్ళ మధ్యకు చేరింది. కొరికి పట్టుకుంటే ఆ అదురు ఎముకల్లోంచి తెలుస్తుందట.

"పళ్ళకు కూడా మోటారు బిగించుకుంటున్నావా బావా?" అని అరిచాను.

"నీ నోటికి బిగిస్తాను. ఆపడానికి స్విచ్చి కూడా పెడతాను."

లోపల్నుంచి మా అక్క పిలిస్తే ఆయనకు వినబడేది కాదు. అందుకని ఆమె గరిటెతో గోడ మీద కొట్టేది. ఆ గోడకే బిగించిన పనిబల్ల అదిరేది, ఆయన లేచి వెళ్ళేవాడు.

"చూశావుట్రా, గుసగుసలాడినా మీ బావకు వినిపిస్తుంది" అనేది నాతో, మొగుడి పరువు కొంగున ముడేసుకుని.

తర్వాత అక్క గుండె జబ్బుతో మంచం పట్టింది. డాక్టర్లు చేతులెత్తేసి ఇంటికి పంపారు. వాళ్ళమ్మాయి, నా మేనకోడలు, మంచాన్ని ఆ గోడ పక్కకే జరిపింది. కానీ గరిటె ఎత్తే ఓపిక అక్కకు లేకపోయింది. పిలిచిందో లేదో తెలియక, బావ పని మధ్యలో ఆపి గోడకు అరచెయ్యి ఆనించి నిలబడేవాడు.

ఓ మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆయన మంచం పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. స్క్రూడ్రైవరు మొనకు మెత్తటి గుడ్డ చుట్టి అక్క గుండె మీద ఆనించి, పిడి కొరికి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"నన్నూ రిపేరుకు తీసుకున్నాడ్రా" అంది అక్క నవ్వుతూ. "ఏం పోయిందో అడుగు."

ఆయన భుజం తట్టి గట్టిగా అడిగాను. చాలాసేపు పిడి వదల్లేదు.

"ఏం పోలేదు" అన్నాడు. "బ్రహ్మాండంగా ఉంది."

రిపేరులో ఆయన తప్పు చెప్పగా నేను విన్నది అదొక్కసారే. అక్క ఆ వారం దాటలేదు.

ఇదంతా రాసి, నిన్న కొట్టుకు పట్టుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. కళ్ళజోడు తగిలించుకుని చివరిదాకా చదివాడు. చదువుతున్నంతసేపూ ఎడమ అరచెయ్యి గోడ మీదే ఉంది.

"అంతా అబద్ధం" అన్నాడు కాగితాలు మడిచి. "స్క్రూడ్రైవరుతో మనిషిని చూస్తారట్రా ఎవరైనా? నా చెవులకేం రోగం? మీ అక్క పిలిచిన ప్రతిసారీ నాకు వినబడింది."