ముందు చూసింది ఇంజన్‌ను

నిజాం నాణేలు హాలీ సిక్కాలు ఇంకా చెల్లుతున్న రోజులు. మా లారీ ఇంజన్‌ను మరమ్మతుకు బొంబాయి పంపాలి. గూడ్సుబండిలో కిరాయి తక్కువని, పెట్టెలో బిగించి ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు తెచ్చాను. హమాలీల ఖర్చూ తప్పించుకుందామని, నా మనుషులు ముగ్గురూ చాలకపోతే, రైలు కోసం కూర్చున్న ఒక పల్లెటూరాయనను సాయం అడిగాను.

“ఔ, పోదాం పాండ్రి,” అంటూ లేచాడు.

పలకల మీదుగా వ్యాగన్‌లోకి నెడుతుంటే పెట్టె జారి, దాని అంచు ఆయన పాదానికి కొట్టుకుంది. నేను వంగి పెట్టె చెక్కల సందుల్లోంచి ఇంజన్‌ను తడిమాను. ఏమీ విరగలేదని తేలాకే తలెత్తాను. ఆయన నెత్తురోడే వేళ్లను తలగుడ్డతో అదిమిపట్టుకున్నాడు.

“ఇంజన్‌కు ఏం గాలే గద, సేటూ?” అన్నాడు.

దవాఖానకు పోదామన్నాను. రైలొచ్చిందని కుంటుతూ వెళ్లిపోయాడు.

ఆయన సాయం గురించి ఇంట్లో చాలాసార్లు చెప్పాను. నేను ముందు దేన్ని చూశానో మాత్రం ఎవరికీ చెప్పలేదు.