రెండు పక్కలా కోసిన గ్రామసభ

అరకు బస్టాండు వెనక సందులో నాకో చిన్న వీడియో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, బడి వార్షికోత్సవాలు, చర్చిల్లో క్రిస్మస్ కార్యక్రమాలు తీస్తాను. ఒక ఎండాకాలం లోయకు అవతల ఉన్న ఒక మండలాఫీసు నుంచి పిలుపొచ్చింది. కొండమీది ఊళ్ళో గ్రామసభ పెడుతున్నారు. ఊరి వెనక గుట్టను నల్లరాయి క్వారీకి ఇవ్వడం ఇష్టమేనా అని ఊరివాళ్ళను అడుగుతారు. అదంతా నేను వీడియో తీసి ఇవ్వాలి.

సభ బడి ముందు జరిగింది. మధ్యలో టేబులు, దాని వెనక అధికారి. టేబులుకు ఎదురుగా, కుడివైపుగా మగవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళలో కొందరిని క్వారీవాళ్ళ జీపే తీసుకొచ్చిందని తర్వాత తెలిసింది. ఆడవాళ్ళంతా ఎడమవైపు నేలమీద కూర్చున్నారు. ఊరంతా ఒకే బొమ్మలో పట్టాలని నేను కెమెరాను బాగా వెనక్కి జరిపి, వెడల్పుగా తీశాను.

ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు అధికారి. మధ్యలో చేతులు లేచాయి. ఎడమవైపు ఒక్క చెయ్యీ లేవలేదు. వాళ్ళలో టేబులు వైపు చివర నుంచి ఒక ముసలామె లేచి నిలబడింది.

"ఆ గుట్టలోంచే మాకు ఊట వత్తాది. మా సోళ్ళ సేలకీ, కాఫీ మొక్కలకీ ఆ నీళ్ళే. గుట్ట తవ్వీసినాక మేమేటి తాగాల? మేమియ్యం," అంది.

పక్కనున్న ఆడవాళ్ళు ఇయ్యం, ఇయ్యం అన్నారు. అధికారి వాచీ చూసుకుని రిజిస్టర్లో ఏదో రాసుకున్నాడు. నేను కెమెరా వెనక నిలబడి, గొంతులు బాగా రికార్డవుతున్నాయా లేదా అని మీటరు చూసుకుంటున్నాను. ఆ రోజు నా ధ్యాసంతా దానిమీదే.

వీడియో ఇచ్చిన రెండు రోజులకు అధికారి ఫోన్ చేశాడు. వాళ్ళ మీటింగు హాల్లో పాతకాలపు డబ్బా టీవీ ఉంది. నా వెడల్పు వీడియో అందులో వేస్తే పైనా కిందా నల్లపట్టీలు వస్తున్నాయట. పై అధికారి వచ్చి చూస్తారు, చూడ్డానికి అసహ్యంగా ఉంది, ఫుల్ స్క్రీన్ చేసి పంపు అన్నాడు. నేను విడమరిచి చెప్పాను. పట్టీలు ఉండనిస్తే బొమ్మ మొత్తం ఉంటుంది. పక్కలనుంచి నొక్కితే మనుషులు పుల్లల్లా అయిపోతారు. ఈ రెండూ వద్దంటే రెండు పక్కలా కోసేయాలి, కలిపి నాలుగో వంతు బొమ్మ పోతుంది.

"మధ్యలో టేబులుంది కదమ్మా. అదుంటే చాలు. కోసెయ్యి," అన్నాడు.

కోసేశాను. ఎలా కోశానో ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. కంప్యూటర్ తెరమీద ఆ వెడల్పు బొమ్మ మీద ఒక గీతల పెట్టె వస్తుంది. పెట్టె లోపల ఉన్నది మిగులుతుంది, బయట ఉన్నది పోతుంది. సరిగ్గా మధ్యలో పెడితే ఎడమ గీత ఆ ముసలామె భుజం మీదుగా వెళ్ళింది. సగం మనిషి కనిపిస్తే బాగోదనిపించింది. పెట్టెను కాస్త కుడికి జరిపాను. ఆవిడ పూర్తిగా పోయింది. ఆవిడతో పాటు ఎడమవైపు ఆడవాళ్ళందరూ పోయారు. బొమ్మ నీటుగా వచ్చిందని సంతోషపడి పంపించేశాను. మా అమ్మా అలాంటి కొండ ఊళ్ళోనే పుట్టింది. నాకు ఆ ఆలోచనే రాలేదు.

మూడు వారాల తర్వాత డుంబ్రిగుడ సంతలో చింతపండు కొంటుంటే ఎవరో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ ముసలామే. పక్కన ఆమె కూతురు ఉంది. కూతురు ఆశా కార్యకర్త, పై అధికారి వీడియో చూసిన రోజు మీటింగులో ఉందట. జరిగింది ఆమె చెప్పింది. టీవీలో టేబులు, ఎత్తిన చేతులు మాత్రమే కనబడ్డాయి. మధ్యలో ఒక ఆడగొంతు ఇయ్యం అంటే, ఎవరిదా గొంతు అని పై అధికారి అడిగాడు. బయట రోడ్డు మీద ఎవరో అరుస్తున్నారు సార్ అన్నాడు సభ పెట్టిన అధికారి. ఊరంతా ఒప్పుకున్నట్టు కాగితం మీద రాసుకున్నారు. కూతురు లేచి కాదనబోతే, మీ పని మీరు చూసుకోండి అని కూర్చోబెట్టారు.

ముసలామె నా చెయ్యి వదల్లేదు.

"నా మాట ఉంచినావు, నన్ను తీసీసినావు. నానేటి, గోడెనకాల నిలబడి మాటాడినానా?" అంది.

టీవీ పాతది మామ్మా, నల్లపట్టీలు వస్తున్నాయి అని ఏదో మొదలుపెట్టాను. అది నా చెవికే ఎంత నీచంగా వినబడిందంటే మధ్యలోనే ఆపేశాను.

మర్నాడే లాప్‌టాప్ పట్టుకుని ఆ ఆఫీసుకు వెళ్ళాను. అసలు వీడియో నా హార్డ్ డిస్కులో ఉంది. అధికారి ముందు పెట్టి, ఇదీ జరిగిన సభ, దీన్నే పైకి పంపండి అన్నాను. ఆయన తెర వైపైనా చూడలేదు.

"రికార్డు వెళ్ళిపోయిందమ్మా. అయినా కోసింది నువ్వే కదా, నేనా?" అన్నాడు.

ఆ మాటకు నాకు వచ్చినంత కోపం ఇంతవరకు ఎవరి మీదా రాలేదు. అందులో అబద్ధం లేకపోవడం ఇంకా మండించింది. ఏది మిగలాలో ఆయనకు ముందే తెలుసు. అడ్డం చెప్పకుండా కోసే మనిషి కావాలి, దొరికాను. పనితనం పేరుతో ఆయన అడగనిది కూడా చేసిపెట్టాను.

ఆ ఆదివారం పొద్దున్నే ప్రొజెక్టరు తీసుకుని ముసలామె ఊరికి వెళ్ళాను. బడిగది కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడమీద అసలు వీడియో వేశాను. తర్వాత నేను కోసింది వేశాను. ఒకామె లేచి గోడ దగ్గరికి వెళ్ళి, బొమ్మ అయిపోయిన చోట అరచెయ్యి పెట్టి, "మేమిక్కడే కూకున్నాం," అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

సభ మళ్ళీ పెట్టాలని కూతురు పై అధికారికి అర్జీ రాసింది. అందరూ వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. నేను విడిగా ఒక కాగితం రాశాను: ఈ వీడియోను ఫలానా ఆఫీసు అడిగితే నేనే కోశాను, ఎడమవైపు ఉన్న ఆడవాళ్ళను తీసేశాను, అసలుది ఇదీ అని. అది రాస్తే ప్రభుత్వ పనులు ఇక రావని స్టూడియో పక్క జిరాక్సు షాపాయన హెచ్చరించాడు. రాలేదు కూడా.

పై అధికారి దగ్గరికి ముసలామె, కూతురు, నేను వెళ్ళాం. ఆయన నా లాప్‌టాప్‌లో వీడియో మొత్తం చూశాడు. ఇంతకుముందు నేను విన్న గొంతు ఈవిడదేనా అని అడిగాడు. "నాదే బాబూ, నాను రోడ్డు మీద నేను," అంది ముసలామె. వాళ్ళ యాసలో 'నేను' అంటే 'లేను' అని ఆయనకు అర్థం కాక మళ్ళీ అడిగాడు. కూతురు విప్పి చెప్పింది. మళ్ళీ గ్రామసభ పెట్టమని ఆయన రాసిచ్చాడు.

రెండో సభకు ఆడవాళ్ళు ఎండ ఎక్కకముందే వచ్చి టేబులు ముందు వరసల్లో కూర్చున్నారు. జీపులో వచ్చినవాళ్ళకు వెనకే చోటు దొరికింది. ఊరు ఒప్పుకోలేదని రిజిస్టర్లో రాసి, పైకి చదివి వినిపించారు. ఆ గుట్ట ఇంకా అలాగే ఉంది. క్వారీవాళ్ళు ఇప్పుడు ఇంకో ఊరి గుట్ట చూస్తున్నారని విన్నాను.

ఆ అధికారి మీద ఎవరూ ఏ చర్యా తీసుకోలేదు. మొన్నామధ్య అరకు రైల్వే స్టేషన్లో ఎదురుపడి, అదేదో టెక్నికల్ పొరపాటు కదమ్మా, మనసులో పెట్టుకోకు అన్నాడు. పక్కన ఆయన భార్య ఉంది కాబట్టి ఊరుకున్నాను. ఊరుకున్నందుకు ఇంటికి వచ్చేదాకా నన్ను నేనే తిట్టుకున్నాను.

ముసలామె నాతో బాగానే మాట్లాడుతుంది. ఈ ఏడు మనవరాలి పెళ్ళికి పిలిచింది. వీడియోకు మాత్రం పాడేరు నుంచి వేరే అతన్ని పెట్టుకుంది. నేను వెళ్ళాను, ఆడవాళ్ళ వరసలో కూర్చుని భోజనం చేసి వచ్చాను.