అకూయో కుండలో ఉప్పు

మా అక్క అకూయో నిలబడితే పడిపోతుంది. అదే జబ్బు. కూర్చుంటే మామూలుగానే ఉంటుంది కాబట్టి ఆడా అనే మా ఊళ్ళో ఎవరూ నమ్మలేదు.

అక్క జడలల్లే పని నేర్చుకుంటోంది. మా దగ్గర పని నేర్పిన మేడమ్, నేర్చుకున్న పిల్లకి అందరి ముందూ తెల్లగౌను తొడిగించి, చేతికి దువ్వెన ఇచ్చి 'విడుదల' చేస్తేనే సొంత కొట్టు పెట్టుకోనిస్తారు. దానికి ముందు ఒక తల మొత్తం నిలబడి అల్లి చూపించాలి. తోటి పిల్లలంతా విడుదలైపోయారు. అక్క మాత్రం సగం తల అయ్యేసరికి గోడ పట్టుకునేది.

"కడుపా?" అనేది మేడమ్ లామియోకీ.

"కాదు మేడమ్."

"అయితే బద్ధకం. కడుపైతే తొమ్మిది నెలల్లో తగ్గేది."

అమ్మకు బీపీ. ఉప్పు కయ్యలో ఉప్పు ఎత్తి బతికే మనిషి, ఇంట్లో పులుసులో చిటికెడు కూడా వేయదు. కూతురు పడిపోతోందంటే అదీ బీపీయేనని తీర్మానించేసింది. వాకిట్లో ఉప్పు బస్తాలు, పళ్ళెంలో చప్పటి బాంకు, మొక్కజొన్న పిండి ముద్ద. చప్పిడి తిన్నకొద్దీ అక్క ఇంకా ఎక్కువ పడింది.

చివరికి అక్రా పట్నంలో డాక్టరు అక్కను పడుకోబెట్టి నాడి చూశాడు, నిలబెట్టి మళ్ళీ చూశాడు.

"లేవగానే రక్తం కాళ్ళలోకి జారిపోతోంది. నరాలు కంగారుపడి గుండెను పరిగెత్తిస్తున్నాయి. ఉప్పు ఎక్కువ తిను, నీళ్ళు బాగా తాగు. ఉప్పు ఒంట్లో నీళ్ళు పట్టి ఉంచుతుంది, నరాలు కాస్త ఊరుకుంటాయి. పూర్తిగా పోదు. మీ అమ్మ మాత్రం ముట్టకూడదు."

"వాడికెవడిచ్చాడే డిగ్రీ?" అంది అమ్మ. "ఉప్పు తినే మా అమ్మ మూతి వంకరపోయి చచ్చింది."

"నాకు బీపీ లేదమ్మా."

"రేపొస్తుంది."

"రేపటిదాకా నిలబడాలిగా!"

అమ్మ ఉప్పునీళ్ళకు పగిలిన కాళ్ళు కడుక్కోకుండానే పొయ్యి ముందు చతికిలబడి రెండు కుండలు ఎక్కించింది. అక్క కుండలో ఉప్పు వేసి, రుచి చూసి, తుపుక్కున ఉమ్మింది.

"సముద్రం. తిని చావు."

అక్క తినింది. వికారంతో, నోరు పొక్కినా తినింది. కళ్ళకు చీకట్లు కమ్మడం తగ్గింది. గుండె దడ తగ్గింది కానీ పోలేదు.

పరీక్షకని మేడమ్ ఒక పెళ్ళికూతురి తల అక్కకిచ్చి, తను ఎదురుగా కూర్చుంది. చివరి వరసలో అక్క కాళ్ళు వణికాయి. రక్తం కిందికి జారకుండా కాలు మీద కాలు మెలేసి, తొడలు బిగించి, ఆఖరి ముడి వేసి అప్పుడు నేల మీదికి జారింది.

మేడమ్ లేచి వచ్చి జడలు లాగి చూసింది.

"గౌను కుట్టించుకో. విడుదల రోజు ప్రార్థన చాలా పొడుగు, తల్లీ. ఎట్లా నిలబడతావ్?"

"కుర్చీ వేయించండి మేడమ్."

"కుర్చీలో కూర్చుని విడుదలైన పిల్లను నేనింతవరకు చూళ్ళేదు."

"చూద్దురుగాని."

ఇంటికొచ్చాక అమ్మ తలెత్తకుండానే అడిగింది. "నిలబడ్డావా?"

"అయ్యేదాకా."

అమ్మ అక్క కుండలో గరిటె ముంచి, నాలిక్కి రాసుకుని, ఉమ్మేసి, ఇంకాస్త ఉప్పు వేసింది.