మిషను కోసం దాచిన కూలి

నాకు పెండ్లయిన కొత్తలో మా ఆయన చింతామణిలో ఒక శెట్టిగారి మండీలో మూటలు మోసేవాడు. మా వీధి దర్జీ ఉగాది అయినాక బెంగళూరికి పోతానని, తన పాత కుట్టుమిషను అమ్మేస్తానన్నాడు. నేను అడిగితే ఉగాది దాకా ఎవరికీ ఇవ్వనని మాటిచ్చాడు. అప్పటికే చలికాలం సగం గడిచింది.

"వచ్చే కూలి తిండికే చాల్లేదు, మిషనుకు యాడ నుంచి తెస్తావు?" అన్నాడు మా ఆయన.

చేతికొచ్చిన డబ్బు ఇంట్లో నిలవదని నాకు తెలుసు. అందుకే శెట్టిగారి భార్య దగ్గరికి పోయి, "అమ్మా, మా ఆయన కూలిలో తిండికి సరిపడా రాగులు ఇప్పించి, మిగతాది మీ దగ్గరే పెట్టండి. నేనొచ్చి అడిగేదాకా ఎవరికీ ఇయ్యొద్దండి" అన్నాను. పగలంతా వాళ్ళ పెరట్లో చెనిక్కాయలు ఒలిచి, ఆ కూలి కూడా ఆమె దగ్గరే ఉంచాను.

మధ్యలో మా ఆయన స్నేహితులతో బాగేపల్లి వైపు జాతరకు పోవాలని ఆమెను డబ్బు అడిగాడు. "నీ పెండ్లామొచ్చి అడిగితేనే ఇచ్చేదప్పా" అని ఆమె పంపేసింది. ఆ కోపం మా ఆయన నామీద చూపించాడు. నేను మాత్రం రోజూ వేడి సంగటి పెట్టి పనికి పోయాను.

ఉగాదికి ముందే మిషను కొన్నాను. దర్జీ అంగడి నుంచి దాన్ని మా ఆయనే మోసుకొచ్చాడు. దించగానే, "ముందు నాకొక చొక్కా కుట్టు" అన్నాడు.

"గుడ్డ తెచ్చుకో. కుట్టుకూలీ ఇయ్యాల" అన్నాను.

పెద్దగా నవ్వాడు. ఆ ఎండాకాలం నుంచి వీధిలో ఆడవాళ్ళ రవికలన్నీ నేనే కుట్టాను.