ఇంద్రేశంలో నేను వేసిన గట్టు

వానలు గట్టిగా పట్టకముందే ఏటా ఒకసారి ఇంద్రేశం వెళ్లి వస్తాను. అక్కడి మా పొలం ఇళ్ల లేఅవుటుకు అమ్మినప్పుడు నా భార్య సమాధి ఉన్న మూలను నా పేరు మీదే ఉంచుకున్నాను. దాని చుట్టూ మట్టిగట్టు వేసి రావడం నా పని. ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే వాననీటికి రసాయనాల వాసన ఉంటుంది. అది ఆమె మీద నిలుస్తుందన్న భయంతో నిద్ర పట్టదు.

ఈసారి ఉదయం ఏడుంబావుకు సంగారెడ్డిలో బస్సెక్కాను. రుద్రారం దాటేసరికి ఆకాశం నల్లబడింది. ఎనిమిది దాటాక పటాన్‌చెరులో దిగి, టీ కూడా తాగకుండా షేర్ ఆటో ఎక్కాను. వాన పడితే ఆటోలు లేఅవుటు లోపలికి రావు, వెళ్లేవారు ముందే బయలుదేరడం మంచిది.

పక్కన యాదమ్మ అనే ఆమె కూర్చుంది. మందుల కంపెనీలో నైట్ షిఫ్టు దిగి వస్తోంది. లేఅవుటు చివరి వరుసలో కిరాయికి ఉంటుందట. నిరుడు ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయని, పాపకు ఒళ్లంతా పుండ్లు లేచాయని చెప్పింది. మాట్లాడుతున్నంతసేపూ మబ్బునే చూసింది.

"నీళ్లు సక్కగ కాల్వకు వోవాలె సార్. నడుమల ఎవరిదో సమాధి ఉన్నది. ఏడాదికోపారి ఒకాయన అచ్చి గట్టేసి పోతడు. సచ్చినామె తడ్వొద్దని మమ్ముల ముంచుతుండు."

 

దిగి ఆమె వెనకే నడిచాను. ఆమె ఇంటి గోడ మీద మోకాలి ఎత్తున నీటి చార ఉంది. పొలమున్నప్పుడు గట్టు వేస్తే, ఆగిన నీరు ఎవరి మడిలోకి పోతుందో చూసి వేసేవాణ్ణి. ఇళ్లు వచ్చాక ఒక్కసారీ చూడలేదు.

నేనెవరో చెప్పి, గట్టు తెంపడానికి పార అడిగాను. 

"మరి నీళ్లు ఆ అమ్మ మీదికెల్లే పోతయ్ గద?"

అవునన్నాను. పార తెచ్చిచ్చింది, నా ఫోన్ నంబరు రాసుకుంది. గట్టును రెండు చోట్ల తెంపాను. 

పదకొండున్నరకు తిరుగు బస్సు దొరికింది. ఇస్నాపూర్ దగ్గర వాన అందుకుంది. ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. సంగారెడ్డి ఇంకా రాకముందే అది మోగింది.

"నీళ్లు ఇంట్లకు రాలే సార్, కాల్వకే పోతున్నయ్. అమ్మ మీద ప్లాస్టిక్ పట్టా కప్పిన. రాళ్లు గూడ పెట్టిన."

పట్టా కిందికీ నీరు పోతుందని నాకు తెలుసు. ఆ మాట ఆమెతో అనలేదు. పాపను లోపలే ఉంచమని చెప్పి, కిటికీ మూసుకున్నాను.