కారు ఎరిగిన ఇల్లు

బాండుంగ్‌లో దాదాంగ్ కారెక్కగానే పగిలిన ఫోనొకటి తీసి, డ్యాష్‌బోర్డు మధ్యనున్న పెద్ద తెరకి అడ్డంగా తగిలిస్తాడు. దారి చూపే ఏర్పాటు ఆ తెరలోనే ఉన్నా, ఫోను చెప్పిన దారినే పోతాడు. అడిగితే "దాంట్లోవి పాత మ్యాపులు" అంటూ మీసం దువ్వుకుంటాడు. అసలు సంగతి భార్య నెనెంగ్‌కి తెలుసు. చిన్ననాటి స్నేహితుడు యాయన్ ఇంకా పెద్ద కారు కొనుక్కుని, వీళ్ళకి అమ్మేసిన బండి అది. తెరమీద "ఇల్లు" నొక్కితే కొండమీది యాయన్ బంగళాకే దారి చూపిస్తుంది. అది మార్చాలంటే ముందా చిరునామా చూడాలి. దాదాంగ్ కడుపుమంటకి అదొక్కటే తక్కువ.

మొన్న పెళ్ళివిందు నుంచి వస్తుంటే వరదకి మామూలు దారి మూసేశారు, ఫోనూ ఆరిపోయింది. నెనెంగ్ కంగారులో అసలు సంగతి మరిచి, తెరమీద "ఇల్లు" నొక్కేసింది.

"ఏవండీ, ఇది కొండెక్కుతోంది! మన ఇల్లు ఇటు కాదుగా!"

"తెలుసులే. వాడి కొత్త కారు ఏపాటిదో చూసొద్దాం, ఊరుకో."

బంగళా కాపలావాడు కారుని గుర్తుపట్టి వానలో పరుగెత్తుకొచ్చాడు, గేటు బార్లా తెరిచి సలాం కొట్టాడు. దాదాంగ్ దర్జాగా అద్దం దించాడు. లోపలి మొహం చూడగానే కాపలావాడి చెయ్యి కిందికి దిగిపోయింది.